గ్యాప్ ఏ పక్కన ఉందో ముందు చూడండి

(కంప్యూటర్ ఎంబ్రాయిడరీ చేసేవాళ్ల కోసం పెట్టిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్న అక్కలకు వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను. ముందు ఖాళీ కుర్చీలున్నాయి, వచ్చి కూర్చోండమ్మా. ఇవాళ చూపించేవన్నీ చిన్న చిన్న ముక్కలు, దూరం నుంచి కనబడవు.

మీ సమస్యలు చీటీల మీద రాసివ్వమన్నాం కదా. చాలా చీటీల్లో ఉన్నది ఒకటే మాట. ఫిల్లింగ్, అంటే ఆకారం లోపల నింపే కుట్టు, బాగా వస్తోంది, చివర్లో దాని చుట్టూ పడే ఔట్‌లైన్ తప్పుతోంది. నెమలి మెడకీ దాని అంచుకీ మధ్య బట్ట కనబడుతోంది. కంప్యూటర్లో చూస్తే అంతా సరిగ్గానే ఉంది, బట్ట మీద మాత్రం పక్కకి పోతోంది. ఎందుకు? అందుకే మిగతా విషయాలు రేపటికి పెట్టుకుని ఇవాళంతా దీని గురించే మాట్లాడతాను.

ముందు మీరు చెప్పండి. గ్యాప్ వచ్చింది. మొట్టమొదట ఏం చేస్తారు? ... డెన్సిటీ పెంచుతాం, అంటే కుట్లు ఇంకా దగ్గరగా వేస్తాం. సరే. ఇంకా? ... ఔట్‌లైన్ లావు చేస్తాం. దారం టెన్షన్ తిప్పుతాం. మెకానిక్‌కి ఫోన్ చేస్తాం. సరే, సరే. ఈ నాలుగూ అందరూ చేసేవే. కానీ ఒక్కరు కూడా 'ఆ గ్యాప్ ఏ పక్కన ఉందో చూస్తాం' అనలేదు. గమనించారా? గ్యాప్ పైన ఉందా, కింద ఉందా, ఎడమకా, కుడికా, అన్ని చోట్లా ఉందా, ఒక పక్కే ఉందా? కారణం అక్కడే తెలుస్తుంది. అది చూడకుండా దేన్ని తిప్పినా చీకట్లో తిప్పినట్టే.

ఇదిగో ఈ ముక్క చూడండి. చేతులు మార్చుకుంటూ అందరూ చూడండి. ఫైలులో ఇది 20 మిల్లీమీటర్ల గుండ్రం. అడ్డంగా, నిలువుగా ఎటు కొలిచినా 20. లోపలి ఫిల్లింగు కుట్లు అడ్డంగా, ఎడమ నుంచి కుడికి నడుస్తున్నాయి. చుట్టూ సన్నగా ఒకే గీతలా రన్నింగ్ ఔట్‌లైన్. ఇప్పుడు స్కేలు పెట్టి ఫిల్లింగును కొలవండి. అడ్డంగా 19 మిల్లీమీటర్ల పైచిలుకే ఉంది, నిలువుగా 20 దాటింది. అంటే గుండ్రం కాస్తా కోడిగుడ్డు ఆకారంలోకి మారింది. ఔట్‌లైన్ మాత్రం గుండ్రంగానే తిరిగింది. అందుకే ఎడమా కుడీ బట్ట కనబడుతోంది, పైనా కిందా ఫిల్లింగ్ అంచు దాటి బయటికొచ్చింది.

ఎందుకిలా? సూది ఒక వైపు దిగి, బట్ట మీదుగా వెళ్లి, రెండో వైపు దిగుతుంది. దారం బిగుస్తుంది. బిగిసిన దారం రెండు చివరల్నీ లోపలికి లాగుతుంది. లంగా బొందు లాగితే నేఫా ముడుచుకోదూ? అలాగే. ఒక్కో కుట్టు లాగేది కంటికి కనబడనంత. కానీ ఆ గుండ్రంలో వరసలెన్ని? 0.4 మిల్లీమీటర్ల ఎడం అంటే 20 మిల్లీమీటర్లలో 50 వరసలు. ప్రతి వరసా లాగుతుంది. దీన్నే పుల్ అంటాం. ఇక వరస పక్కన వరస పడుతున్నప్పుడు దారం లావు ఎక్కడికో పోవాలి కదా, అది పైకీ కిందికీ నెడుతుంది. దాన్ని పుష్ అంటాం. కుట్టు నడిచే దిశలో బట్ట కుంచించుకుంటుంది, వరసలు పేరుకునే దిశలో పెరుగుతుంది. ఈ ఒక్క సంగతి బుర్రకెక్కితే సగం గ్యాపులకు కారణం మీరే చెప్పగలరు.

మళ్లీ చెబుతాను. కుట్టు నడిచే దిశలో తగ్గుతుంది. దానికి అడ్డ దిశలో పెరుగుతుంది.

మగ్గం వర్కులో ఈ సమస్య ఎందుకు రాదు? వాళ్ల బట్ట కూడా లాగుతుంది, మాయేం లేదు. కానీ మగ్గం మీద పనిచేసే మనిషికి కళ్లున్నాయి. లోపలి పని ఎక్కడ ఆగిందో చూసి దాని అంచునే జరీ పెట్టుకుంటూ పోతాడు. గీసిన గీత ఒక దారప్పోగంత లోపలికి పోయినా సర్దుకుంటాడు. మన మిషన్‌కి ఆ చూపు లేదు. ఫైలులో ఎక్కడ గీశామో అక్కడికే వెళ్లి పొడుస్తుంది. కాబట్టి బట్ట ఎంత కదులుతుందో ముందే ఊహించి గీయాల్సింది మనమే. డిజైన్ వేయడాన్ని మన దగ్గర ఇప్పటికీ పంచింగ్ అనే అంటారు. కార్డుల మీద చిల్లులు కొట్టిన కాలం నుంచి ఆ పనిలో ఇదే అసలు నేర్పు.

సరే, ఇప్పుడు గ్యాప్‌ని చదవడం నేర్చుకుందాం.

మొదటి రకం ఇప్పుడు చూసిందే. ఎదురెదురు పక్కల గ్యాపు, మిగతా రెండు పక్కలా పొర్లిపోవడం. ఇది పుల్, పుష్. ఫైలులో సరిచేయాల్సింది. మెకానిక్‌కి ఇక్కడ పనిలేదు, అతన్ని పిలిచి డబ్బు పారేసుకోకండి.

రెండో రకం ఇదీ. ఈ ముక్కలో ఔట్‌లైన్ మొత్తం ఒకే పక్కకి జరిగింది. ఎడమ పక్కంతా గ్యాపు, కుడి పక్కంతా ఔట్‌లైన్ ఫిల్లింగు మీదికెక్కింది. ఔట్‌లైన్ ఆకారం బాగుంది, ఫిల్లింగు ఆకారమూ బాగుంది, ఒకదాని మీద ఒకటి కూర్చోలేదంతే. అంటే ఫిల్లింగ్ అయిపోయాక, ఔట్‌లైన్ మొదలయ్యే లోపు ఏదో కదిలింది. బట్టని బిగించి పట్టే ఫ్రేములో బట్ట జారిందో, ఫ్రేమే కదిలిందో.

మూడో రకం. గ్యాపు ఒక చోట ఉంది, పక్కనే లేదు, మళ్లీ ఇంకో చోట ఉంది. చుట్టూ ముడతలు కూడా ఉన్నాయి. ఇది బట్ట కింద ఆధారం, అంటే మనం వేసే కాన్వాస్, చాలక వచ్చింది.

నాలుగోది కూడా ఉంది, డిజైన్ మొదట్లో బాగుండి పోను పోను ఎక్కువయ్యేది. మెడ చుట్టూ వచ్చే పెద్ద బ్లౌజు డిజైన్లలో చూస్తారు. ఎడమ భుజం దగ్గర చక్కగా ఉంటుంది, కుడి భుజం దగ్గరికొచ్చేసరికి తప్పిపోతుంది. కుట్టేకొద్దీ బట్ట కొంచెం కొంచెంగా జరుగుతూ వచ్చింది కాబట్టి అలా జరుగుతుంది.

అక్కడ తమ్ముడు అడుగుతున్నాడు, 'రెండు రకాలూ కలిసి వస్తే?' అని. వస్తాయి, తమ్ముడూ. అప్పుడు ఒక పరీక్ష ఉంది. అదే బట్ట, అదే కాన్వాస్, అదే ఫ్రేము. డిజైన్‌ని మాత్రం మిషన్ ప్యానెల్లో 90 డిగ్రీలు తిప్పి ఇంకోసారి కుట్టండి. ఇప్పుడు చూడండి. ముందు నెమలి మెడకి రెండు పక్కలా గ్యాపు ఉందనుకోండి. తిప్పి కుట్టాక కూడా గ్యాపు నెమలి మెడ పక్కలే ఉంటే, అంటే డిజైన్‌తో పాటు తిరిగితే, తప్పు ఫైలులో ఉంది. అలాకాక డిజైన్ తిరిగినా గ్యాపు మాత్రం ఫ్రేముకి ఎడమ పక్కనే నిలబడిపోతే, తప్పు ఫైలుది కాదు. ఫ్రేము చూడండి, బట్ట చూడండి, మిషన్ చూడండి. రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. పెళ్లికూతురి పట్టు బ్లౌజు మీద ప్రయోగాలు చేసేకంటే అదే బట్ట ముక్కలు రెండు పోతే పోనివ్వండి.

ఇప్పుడు ఫైలు సంగతి. సాఫ్ట్‌వేరులో పుల్ కాంపెన్సేషన్ అని ఒక గడి ఉంటుంది. చాలామంది దాన్ని ముట్టుకోరు. కుట్టు రెండు చివర్లనీ కొంచెం బయటికి పొడిగించడమే దాని పని. ఎలాగూ లోపలికి లాగుతుంది కాబట్టి ముందే బయటికి పెడతాం. గట్టి కాటన్ అయితే 0.2 మిల్లీమీటర్లతో మొదలుపెట్టండి. టీషర్టు లాంటి సాగే బట్టకి 0.35 నుంచి 0.4 దాకా. క్రేపు, జార్జెట్ ఈ రెంటి మధ్యలో ఎక్కడో తేలుతుంది, మీ కాన్వాస్‌ని బట్టి. ఈ అంకెలు మొదలుపెట్టడానికే. మీ గుండ్రాన్ని మీరు కుట్టి, కొలిచి, మీ అంకె మీరు రాసి పెట్టుకోండి. ఒక మాట, కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఈ అంకె ఒక్కో పక్కకు, కొన్నింటిలో రెండు పక్కలా కలిపి. కాబట్టి పక్కవాళ్ల అంకె తెచ్చి మీ దాంట్లో కొట్టేయకండి. ఇంక్‌స్టిచ్ అని ఉచితంగా దొరికేది ఉంది, ఇంక్‌స్కేప్‌లో పనిచేస్తుంది. దాంట్లో కూడా ఈ సౌకర్యం ఉంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు డబ్బు పెట్టే ముందు దాని మీద చేయి తిప్పుకోవచ్చు.

పుష్‌కి మాత్రం ఇలాంటి గడి అన్నింట్లో ఉండదు. పైనా కిందా అంచుల్ని మీరే చేత్తో కాస్త లోపలికి తగ్గించుకోవాలి.

డెన్సిటీ గురించి ఇందాక చెప్పారు కదా, పెంచుతామని. ఆలోచించండి. గ్యాపు ఎందుకొచ్చింది? దారాలు లాగినందుకు. మీరు డెన్సిటీ పెంచితే ఏమవుతుంది? లాగే దారాలు ఇంకా ఎక్కువవుతాయి. గ్యాపు ఇంకా పెరుగుతుంది, పైగా బట్ట అట్టలా అవుతుంది, సూది విరుగుతుంది. మామూలు 40 నంబర్ దారానికి 0.4 మిల్లీమీటర్ల ఎడం సరిపోతుంది. ఇంకో సంగతి, ఇక్కడ చాలామందికి అంకె తికమక ఉంది. ఆ అంకె వరసల మధ్య దూరం. 0.4ని 0.3 చేస్తే కుట్లు పెరుగుతాయి, తగ్గవు. అంచు దగ్గర బట్ట కనబడితే డెన్సిటీ జోలికి పోకండి, పోకండి. లోపల, ఫిల్లింగ్ మధ్యలో బట్ట కనబడితే అప్పుడు దాని గురించి ఆలోచిద్దాం. అప్పుడు కూడా ముందు అండర్‌లే చూడండి.

అండర్‌లే అంటే తెలుసుగా, పైకుట్టు కంటే ముందు పడే పలచటి కుట్టు. టైము తగ్గుతుందని దాన్ని తీసేస్తున్నారు. ఎన్ని ఫైళ్లలో చూశానో! పైకుట్టు లాగడం మొదలుపెట్టే లోపే బట్టనీ కాన్వాస్‌నీ ఒకటి చేసేది అదే. ఫిల్లింగు కింద పైకుట్టుకి అడ్డంగా పడే అండర్‌లే ఒకటి, అంచుకి కొంచెం లోపలగా చుట్టూ తిరిగే రన్నింగు ఒకటి ఉంచండి. సాటిన్ అంటే ఒక అంచు నుంచి రెండో అంచుకి అటూ ఇటూ దగ్గరగా పడే కుట్టు. సన్నటి సాటిన్‌కి మధ్యలో ఒక గీత చాలు. వెడల్పు సాటిన్‌కి అంచుల వెంట గీతలు, వాటి మీద జిగ్‌జాగ్ కూడా. రెండు మూడు నిమిషాలు ఎక్కువ పడుతుంది. పట్టనివ్వండి.

వరసక్రమం. ఇది చాలా ముఖ్యం, పెద్ద డిజైన్లు చేసేవాళ్లు వినండి. అంగళ్లలో అమ్మే పెన్‌డ్రైవ్ డిజైన్లలో ఎక్కువ భాగం ఎలా ఉంటాయి? రంగులు తక్కువసార్లు మారాలని ఫిల్లింగులన్నీ ముందు, ఔట్‌లైన్లన్నీ చిట్టచివర. నెమలి పొట్ట కుట్టి, పింఛం కుట్టి, లతలు కుట్టి, వేల కుట్ల తర్వాత మళ్లీ పొట్ట ఔట్‌లైన్ దగ్గరికొస్తుంది. అప్పటికి బట్ట ఎంత కదిలిపోయి ఉంటుంది? పొట్ట కుట్టగానే పొట్ట అంచు కుట్టేస్తే సరిపోయేది కదా. మల్టీ నీడిల్ మిషన్ ఉన్నవాళ్లకి రంగు మారడం క్షణాల పని, దానికోసం ఔట్‌లైన్‌ని చివరికి తోసేయక్కర్లేదు. ఒకే సూది మిషన్ ఉన్నవాళ్లు కనీసం డిజైన్‌ని రెండు మూడు భాగాలు చేసుకోండి. మధ్యలో మొదలుపెట్టి బయటికి వెళ్లేలా పెట్టుకోండి, అప్పుడు ముడత ఏదైనా ఉంటే బయటికి పోతుంది. రెండు చివరల నుంచి మధ్యకొస్తే ముడతంతా మధ్యలో చిక్కుకుంటుంది.

ఇక అడ్డుతెరలు చేసేవాళ్లు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. బాగానే ఉన్నారు. వధూవరుల పేర్లు తెలుగులో కుడతారు కదా. మన అక్షరాలు గుండ్రాలు, కుట్టు దిశ అక్షరం పొడవునా తిరుగుతూ ఉంటుంది, లాగే దిశ కూడా తిరుగుతూ ఉంటుంది. 'ర' మీద తలకట్టు చూడండి. ఫైలులో కింది గుండ్రానికి అంటుకున్నట్టే ఉంటుంది, తెర మీద మాత్రం గాల్లో తేలుతుంది. ఎందుకంటే అంచుకి అంచు తాకించి గీశారు. తాకిస్తే చాలదు, ఎక్కించాలి. తలకట్టు కాలు గుండ్రం లోపలికి అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా దిగాలి. ఒత్తులకీ అంతే, గుడులకీ అంతే. పువ్వు రేకుకీ దాని మొగ్గకీ మధ్య కూడా అంతే. ఎక్కడ రెండు రంగులు కలుస్తాయో అక్కడ కింది దాన్ని పై దాని కిందికి కొంచెం చొప్పించండి.

కొన్న డిజైన్లలో ఇవన్నీ ఎలా మారుస్తాం అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. డీఎస్‌టీ అంటే మిషన్‌కి ఇచ్చే ఫైలు. అందులో ఉండేది ఆకారాలు కావు, సూది ఎటు ఎంత కదలాలో ఆ కదలికలు మాత్రమే. ఎక్కడ గుండ్రం ఉంది, దాని డెన్సిటీ ఎంత అన్నది అందులో ఉండదు. కాబట్టి దాన్ని పెద్దది చేస్తే కుట్ల మధ్య ఎడం పెరుగుతుంది, చిన్నది చేస్తే కుట్లు ఒకదాని మీద ఒకటి కుక్కుకుంటాయి. సైజు పదో వంతుకి మించి మార్చకండి. డిజైన్ వేయించుకునేటప్పుడు డీఎస్‌టీతో పాటు అసలు ఫైలు, అంటే మార్పులు చేసుకోగలిగే ఫైలు కూడా ఇమ్మని అడగండి. అడగడానికి మొహమాటపడకండి, డబ్బు ఇస్తున్నారు.

ఇక ఫ్రేము. నా లెక్కలో ఇంట్లో కూర్చుని సరిచేసుకోగలిగిన గ్యాపుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి.

పట్టు బట్టకి రింగు మచ్చ పడుతుందని భయం. ఆ భయంతో వదులుగా బిగిస్తారు. వదులుగా బిగిస్తే జారుతుంది. జారితే రెండో రకం గ్యాపు. మచ్చా పడకూడదు, జారకూడదు, ఏం చేయాలి? లోపలి రింగుకి మెత్తటి నూలు పట్టీ చుట్టండి. ఐమూలగా కత్తిరించిన లైనింగు ముక్క అయితే వంపుల్లో చక్కగా కూర్చుంటుంది. చుట్టంతా ఒకే మందంలో, ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా చుట్టి, చివర చేత్తో నాలుగు కుట్లు వేయండి. ఇదిగో, చుట్టి తెచ్చాను, పట్టుకు చూడండి. బట్ట జారదు, అచ్చు కూడా తక్కువ పడుతుంది.

ఇప్పుడు బిగించే పద్ధతి. కింద కాన్వాస్, పైన బట్ట, రెండూ కలిపి ఫ్రేములో పట్టాలి. కాన్వాస్ ముక్క ఫ్రేము కంటే చిన్నదైతే అది పట్టులో ఉండదు, లేనట్టే లెక్క. స్క్రూ ముందే చాలావరకు బిగించి పెట్టుకుని, రింగు దింపాక ఒకటి రెండు తిప్పులు. బిగించాక బట్ట అంచులు పట్టుకుని నాలుగు పక్కలా లాగుతారు చూశారా, అది వద్దు. అదే వద్దు. అప్పుడు బట్ట సాగిన స్థితిలో ఉంటుంది. సాగిన బట్ట మీద ఫిల్లింగు కుట్టి ఫ్రేము విప్పితే ఏమవుతుంది? బట్ట తన చోటికి తను వెళ్లిపోతుంది, ఫిల్లింగు వెళ్లదు. ఫ్రేములో ఉన్నంతసేపు ఔట్‌లైన్ బాగుండి, విప్పగానే తప్పిందంటే కారణం ఇదే. ముడత లేకుండా చదునుగా ఉండాలి, కానీ సాగకూడదు. పడుగు పేకలు ఫ్రేముకి నిటారుగా ఉన్నాయో లేదో చూసుకోండి, ఏటవాలుగా పట్టిన బట్ట ఇంకా ఎక్కువ సాగుతుంది.

జారే క్రేపు, జార్జెట్ అయితే కింద ఇస్త్రీతో అతికే కాన్వాస్ వేయండి, అది చాలకపోతే చింపకుండా కత్తిరించి తీసే రకం వాడండి. పని అయ్యాక చింపి తీసే పేపరు రకం అయితే సూది పోట్లకే చిరిగిపోతుంది, ఔట్‌లైన్ వచ్చేసరికి కింద ఏమీ మిగలదు. డిజైన్ మొదట్లో చుట్టూ ఒక పొడుగు కచ్చా కుట్టు పెట్టుకోండి. అయ్యాక విప్పేయొచ్చు.

చీర మీద కుట్టేవాళ్లూ, మిగతా చీరంతా ఎక్కడుంటోంది? కింద వేలాడుతుంటే ఆ బరువంతా ఫ్రేముని లాగుతోంది. పక్కన బల్లో స్టూలో వేసి దాని మీద పెట్టండి. ఫ్రేము వెనక్కి వెళ్లినప్పుడు గోడకి తగలడం లేదు కదా? చిన్న గదిలో మిషన్ పెట్టుకున్నవాళ్లు ఇవాళ ఇంటికెళ్లి ఇది చూడండి.

మిషన్ గురించి త్వరగా చెప్పేస్తాను. ఫ్రేము చేతులు పట్టుకుని మెల్లగా ఊపి చూడండి, కటకటలాడితే స్క్రూలు వదులయ్యాయి. కుట్టేటప్పుడు కరెంటు పోతే ఫ్రేముని చేత్తో ముట్టుకోవద్దు, ఒక్క మిల్లీమీటరు జరిగినా మిగతా పనంతా పక్కకి పోతుంది. చిన్నదో పెద్దదో యూపీఎస్ పెట్టుకోండి. సాటిన్ కుట్టు వెనక తిప్పి చూస్తే మధ్యలో మూడో వంతు బాబిన్ దారం, అంటే కింది దారం, కనబడాలి. అసలు కనబడకపోతే పైదారం వదులుగా ఉంది. ఆ తెల్లటి బాబిన్ దారం బాగా వెడల్పుగా కనబడితే పైది బిగిసింది, లాగుడు పెరుగుతుంది. జరీ దారంతో ఔట్‌లైన్ వేసేటప్పుడు స్పీడు నిమిషానికి 600 కుట్లకి దించి, పైదారం కొంచెం వదులు చేయండి. బెల్టుల జోలికి మాత్రం మీరు పోకండి. తిప్పి కుట్టే పరీక్ష చేసి, ఆ రెండు ముక్కలూ మెకానిక్‌కి చూపించండి. అప్పుడు అతను వెతుక్కుంటూ మీ డబ్బు ఖర్చు పెట్టడు. మీలో చాలామంది అప్పు చేసి మిషన్ కొన్నారు, నాకు తెలుసు. ఒక్కో బ్లౌజు పాడైతే ఆ నెల వాయిదా మీద పడుతుంది. అందుకే ఇంతగా చెబుతున్నాను.

అన్నీ చేసినా సన్నటి రన్నింగ్ ఔట్‌లైన్ కొన్ని బట్టల మీద నిలవదు. మెత్తటి క్రేపు మీద ఒకే గీత ఔట్‌లైన్ పెట్టమని కస్టమర్ అడిగినా, ఒకటిన్నర రెండు మిల్లీమీటర్ల సాటిన్ అంచు వేస్తానని చెప్పండి. అందులో సగం ఫిల్లింగు మీద, సగం బయట పడేలా పెట్టుకుంటే కాస్త కదిలినా కప్పేస్తుంది. వెల్వెట్ మీద కూడా అంతే. నీళ్లలో కరిగే పొర పైన వేస్తే దారం నూగులోకి దిగిపోదు, అంచు తేలి కనబడుతుంది.

అయిపోయిన బ్లౌజులో గ్యాపు ఉంటే? ఫ్రేము ఇంకా విప్పకపోతే విప్పకండి. చాలా మిషన్లలో డిజైన్‌ని వెనక్కి నడిపి ఆ ఔట్‌లైన్ మొదలుకి తీసుకెళ్లొచ్చు, జరిగినంత మేరకి డిజైన్‌ని జరిపి ఆ ఒక్కటీ మళ్లీ కుట్టొచ్చు. ముందు పాత ఔట్‌లైన్ విప్పుకోవాలి, బ్లేడుతో వెనక నుంచి బాబిన్ దారం కోస్తే పైది తేలిగ్గా వస్తుంది. ఫ్రేము విప్పేసి ఉంటే మళ్లీ ఎక్కించే పని పెట్టుకోకండి, అచ్చంగా అదే చోట కూర్చోదు. అదే రంగు దారం రెండు పోగులు తీసుకుని చేతిసూదితో ఆ సందు నింపండి. మగ్గం సూది చేతిలో తిరిగినవాళ్లయితే జరీ ఒక వరస చుట్టూ తిప్పేయొచ్చు, చాలాసార్లు ముందుకంటే అందంగా వస్తుంది.

ఇంక మీరు తెచ్చిన ముక్కలు చూద్దాం. వెనక పేపరు తీయకుండా తెచ్చినవాళ్లు ముందు రండి, దాని మీద చాలా తెలుస్తుంది. ముక్క మీద పెన్సిల్‌తో ఒక బాణం గుర్తు వేసివ్వండి, ఫ్రేములో పైభాగం ఎటుందో తెలియాలి. ఆ ఆకుపచ్చ క్రేపు ఎవరిదమ్మా? అది ఇటివ్వండి.